శిక్ష ముగిసినవాడు ఊరికొస్తే: మీ ప్రశ్నలు, మా జవాబులు

లైంగిక నేరాల్లో శిక్ష పడినవాళ్లు మారతారా, లేక బతికినంత కాలం లోపలే ఉంచాలా? ఈ నెల పాలమూరు, నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఈ సంగతే అడిగాయి. చట్టం ప్రశ్నలకు క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాది, మిగతావాటికి క్లినికల్ సైకాలజిస్టు జవాబులిచ్చారు. రాసినవారి పేర్లు, ఊర్ల పేర్లు తీసేశాం. పిల్లల ఆనవాలు తెలిసేలా రాయడం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కింద నేరం కాబట్టి కొన్ని వివరాలు కూడా తగ్గించాం.

ప్రశ్న: మా ఊరాయనకు పోక్సో కేసుల పదేండ్లు పడ్డయి. దసరాకు వచ్చేస్తడట. మా అమ్మ "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అంటది. నా సెంటర్ల 22 మంది పిల్లలున్నరు. ఇట్లాంటోళ్లు నిజంగ మారుతరా? ఊరోళ్లంతా కలిసి రానియ్యకపోతే మంచిది కాదా?
– అంగన్‌వాడీ టీచర్, దేవరకొండ ప్రాంతం

జవాబు (సైకాలజిస్టు): అమ్మా, అందరూ ఒక్క తీరు కాదు. కెనడా, అమెరికా, బ్రిటన్‌లలో విడుదలైన 4,700 మందికి పైగా లైంగిక నేరస్థుల్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశీలన 2004లో వచ్చింది. మళ్లీ లైంగిక నేరంలో దొరికినవారు 5 ఏళ్లలో నూటికి 14 మంది, 10 ఏళ్లలో 20 మంది, 15 ఏళ్లలో 24 మంది. ఇవి దొరికినవారి లెక్కలే. పిల్లలు నోరు విప్పని కేసులు ఇందులోకి రావు కాబట్టి అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే అనుకోవాలి. అయినా "అందరూ మళ్లీ చేస్తారు" అన్నమాట నిలవదు. "ఒకసారి జైలుకు పోయొచ్చాడు, బుద్ధొచ్చింది" అన్నమాటా నిలవదు.

సగటు కన్నా లోపలి తేడాలు మీకు ఎక్కువ పనికొస్తాయి. అంతకుముందు లైంగిక నేరంలో శిక్ష పడినవారిలో 15 ఏళ్లలో 37 మంది మళ్లీ దొరికితే, మొదటిసారి పడినవారిలో 19 మంది దొరికారు. 50 ఏళ్లు దాటాక బయటికొచ్చినవారిలో 12 మందే. ముక్కూమొహం తెలియని పిల్లల జోలికి పోయినవాడు, మగపిల్లల జోలికి పోయినవాడు ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ల కిందికి వస్తారు. కాబట్టి మీ ఊరాయన గురించి ముందు తెలుసుకోవాల్సింది ఇది మొదటి కేసేనా, ఇప్పుడు వయసెంత, ఆ పాప అతనికి ఏమవుతుంది అన్న మూడు సంగతులు.

ఇంకోటి. బయట ఉండి, ఏ నేరం లేకుండా పదేళ్లు గడిపితే బాగా ప్రమాదకరం అనుకున్నవాళ్లలో కూడా ప్రమాదం నూటికి 22 నుంచి 4 దాకా దిగిందని మరో పరిశీలన చెప్పింది. గమనించండి, ఆ పదేళ్లు బయట గడిపినవి. జైల్లో గడిచిన పదేళ్లు ఆ లెక్కలోకి రావు. అక్కడ పిల్లలుండరు, కల్లు దుకాణం ఉండదు, చేతిలో ఫోనుండదు. అందుకే మీరు గట్టిగా జాగ్రత్త పడాల్సింది మొదటి రెండు మూడేళ్లు.

ఊర్లోకి రానివ్వకుండా తరిమితే ఏమవుతుంది? అతను హైదరాబాద్ పోయి, తనెవరో ఎరగని లేబర్ అడ్డా మీద నిలబడతాడు. మేస్త్రీ చూపించిన రేకుల గదిలో, వలస కూలీల పిల్లల మధ్య ఉంటాడు. మీ ఊర్లో పది జతల కళ్లు అతని మీద ఉండేవి, అక్కడ ఒక్కటీ ఉండదు. అమెరికాలో ఇలాంటివాళ్ల పేరు, ఫోటో జనానికి చాటే చట్టాలు 1990ల నుంచి ఉన్నాయి. వాటివల్ల నేరాలు తగ్గిన దాఖలా చాలా తక్కువ. ఇల్లు దొరక్క, పని దొరక్క తిరిగేవాడిలో ప్రమాదం పెరుగుతుందని మాత్రం పదే పదే తేలింది. మన దేశంలో 2018 సెప్టెంబరులో మొదలైన లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ పోలీసులకే కనిపిస్తుంది. ఫ్లెక్సీ కట్టడం, గ్రూపుల్లో ఫోటో తిప్పడం వద్దనడానికి ఇంకో గట్టి కారణం కూడా ఉంది. అతని ఫోటో వెంట ఆ పాప ఎవరో కూడా ఊరూరా తెలిసిపోతుంది.

మీ సెంటర్లో చేయాల్సినవి చిన్నవే. ఒక్కో పిల్లను ఎవరెవరు తీసుకుపోవచ్చో రెండు పేర్లు తల్లి చేత రాయించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆ ఇద్దరు తప్ప ఎవరొచ్చినా, "మేనమామనే" అన్నా సరే, పంపకండి. పత్తి ఏరే రోజుల్లో తల్లిదండ్రులు చీకటిపడ్డాక గానీ చేన్ల నుంచి రారు, పిల్లలు మధ్యాహ్నం నుంచి వాకిట్లో ఒంటరిగా ఉంటారు. ఆ రెండు మూడు నెలలు ఏ ఇంటి పిల్లలు ఎవరి దగ్గరున్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో నూటికి 95 దాకా చేసినవాడు తెలిసినవాడే. ఊరంతా ఆ ఒక్క మనిషినే చూస్తూ కూర్చుంటే, పక్కింట్లో ఉన్న రెండో మనిషి ఎవరి కంటా పడడు.

ప్రశ్న: చటాన్‌పల్లి దగ్గర 2019ల చేసిందే కరెక్ట్ కదా సార్? కోర్టులు, అప్పీళ్లు, మన పైసలతోని జైళ్ల అన్నం పెట్టుడెందుకు? అందరికీ ఉరి వేస్తే భయముంటది.
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు (న్యాయవాది): మీ కోపం న్యాయమైందే. కానీ దిశ అత్యాచారం, హత్య కేసులో నిందితులుగా ఆ డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయిన నలుగురి మీద ఏ కోర్టూ విచారణ జరపలేదు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్, పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. నిందితుడు చనిపోతే కేసు అక్కడితో ఆగిపోతుంది. ఇందులో ఇంకెవరి చేయైనా ఉందా, ఇంకెవరైనా బాధితులున్నారా అని తేల్చే దారి కూడా మూసుకుపోతుంది.

ఉరిశిక్ష చట్టంలో లేదని కాదు. 12 ఏళ్లలోపు ఆడపిల్లపై అత్యాచారానికి కనీసం 20 ఏళ్లు, గరిష్ఠంగా మరణశిక్ష. 18 ఏళ్లలోపు అమ్మాయిపై సామూహిక అత్యాచారానికి జీవితఖైదు లేదా మరణశిక్ష. ఒకసారి శిక్ష పడి మళ్లీ చేసినవాడికి మిగిలిన బతుకంతా జైలు లేదా మరణశిక్ష. ఇవన్నీ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఉన్నాయి. మన నల్లగొండ కోర్టే ముగ్గురు అమ్మాయిలపై అత్యాచారం, హత్య జరిగిన హాజీపూర్ కేసులో 2020 ఫిబ్రవరి 6న ఉరిశిక్ష వేసింది. ఉరిశిక్షను హైకోర్టు ఖాయం చేయాల్సి ఉంటుంది, అందుకే టైం పడుతుంది.

"అందరికీ ఉరి" అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. చేసినవాడు బాబాయో, తాతో అయినప్పుడు, "నువ్వు నోరు తెరిస్తే ఆయన్ను ఉరేస్తారు" అన్న ఒక్క మాటతో పిల్ల నోరు ఇంట్లోవాళ్లే మూయిస్తారు. చంపినా అదే శిక్ష, చంపకపోయినా అదే శిక్ష అయితే సాక్ష్యం చెప్పే పిల్ల ప్రాణానికే ముప్పు. నిర్భయ ఘటన తర్వాత వేసిన, 2013 జనవరిలో నివేదిక ఇచ్చిన జస్టిస్ వర్మ కమిటీ కూడా అత్యాచారానికి మరణశిక్ష వద్దంది, బతికినంత కాలం జైలు ఉండాలంది. నేరస్థుడు లెక్కేసుకునేది శిక్ష ఎంత పెద్దది అని కాదు, దొరుకుతానా లేదా అని. పిల్ల చెప్పిన రోజే ఫిర్యాదు, 24 గంటల్లో వైద్య పరీక్ష, ఒక ఏడాదిలో తీర్పు పడితే కలిగే భయం ఎన్‌కౌంటర్‌తో కలగదు.

ప్రశ్న: జీవితఖైదంటే 14 ఏండ్లేనట కదా?
– ఆటో డ్రైవర్, జడ్చర్ల

జవాబు (న్యాయవాది): కాదు. జీవితఖైదు అంటే ప్రాణం ఉన్నంతవరకు. సుప్రీంకోర్టు 1961లోనే ఈ మాట చెప్పింది. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో జీవితఖైదు పడితే 14 ఏళ్లు పూర్తవకుండా ప్రభుత్వం వదలకూడదు, 14 నిండితే వదలాలని ఎక్కడా లేదు. పేపర్లో "మొత్తం 50 ఏళ్ల శిక్ష" అని చదివినప్పుడు కూడా ఒకటి చూడండి. శిక్షలన్నీ ఏకకాలంలో నడవాలని తీర్పులో ఉంటే అన్నిటికన్నా పొడవైనదే లెక్క.

ప్రశ్న: జైళ్లలో వీరిని మార్చేందుకు ఏం చేస్తారు? యోగా, భజన, పెట్రోలు బంకు పని తప్ప ఇంకేమైనా ఉందా? అసలు చికిత్స అంటూ ఉంటే అది ఎట్లా జరుగుతుంది?
– రిటైర్డ్ ప్రధానోపాధ్యాయుడు, సూర్యాపేట

జవాబు (సైకాలజిస్టు): మాస్టారూ, అడగాల్సిన ప్రశ్న అడిగారు. మన రాష్ట్ర జైళ్లలో పనులు నేర్పడం బాగానే ఉంది. ఖైదీలు నడిపే పెట్రోలు బంకులు, చర్లపల్లిలో వ్యవసాయ క్షేత్రం అందరికీ తెలిసినవే. "ఉన్నతి" పేరుతో నడవడిక మార్పు శిక్షణ కూడా జైళ్ల శాఖ పెట్టింది. అవి మంచివే, కానీ దొంగతనం చేసినవాడికీ, కొట్లాటలో కొట్టినవాడికీ, పిల్లల్ని చెరిచినవాడికీ ఒకే మందు పనిచేయదు. బంకులో క్రమశిక్షణగా పనిచేశాడు కాబట్టి మారాడు అని రాసే సర్టిఫికెట్‌ను నమ్మి పిల్లల్ని అప్పగించకూడదు.

అసలు చికిత్స మదింపుతో మొదలవుతుంది. రెండు మూడు సార్లు విడిగా కూర్చోబెట్టి, కేసు కాగితాలు ముందు పెట్టుకుని చేయాలి. వయసు, పాత కేసులు, బాధితులు ఎవరన్నవి మారని అంశాలు. ఎప్పుడూ అవే ఆలోచనలా, కోపాన్ని పట్టుకోగలడా, పెద్దవాళ్లతో మామూలు స్నేహం చేయగలడా, చెప్పిన మాట వింటాడా అన్నవి మారే అంశాలు. చికిత్స ఈ రెండో రకం మీదే పనిచేస్తుంది.

తర్వాత 8 నుంచి 10 మంది గుంపు, ఇద్దరు నడిపేవాళ్లు. రెండు గంటల చొప్పున వారానికి రెండు మూడు సార్లు. మోస్తరు ప్రమాదం ఉన్నవాడికి 100 నుంచి 200 గంటలు, బాగా ఎక్కువ ఉన్నవాడికి 300 గంటల దాకా పడుతుంది. తక్కువ ప్రమాదం ఉన్నవాణ్ణి ఈ గుంపులో వేయకూడదు, మిగతావాళ్ల సాకులు నేర్చుకుని ఇంకా చెడిపోతాడు. ఎన్నో చోట్ల జరిగే మొదటి పొరపాటు ఇదే: అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వడం.

గుంపులో జరిగే పని ఎట్లా ఉంటుందో ఒక ముక్క చెబుతా. దాదాపు అందరూ మొదట "ఏమైందో తెల్వదు, తాగి ఉన్న" అంటారు. నడిపేవాళ్లు తిట్టరు, ఆ రోజును గంట గంటగా వెనక్కి నడిపిస్తారు. చేను నుంచి ఆ రోజు మూడింటికే ఎందుకొచ్చావు? ఇంటికి రెండు తోవలుండగా బడి పక్క తోవ ఎందుకు పట్టావు? జేబులో చాక్లెట్లు ఎప్పుడు కొన్నావు? పాప అమ్మానాన్న ఇంట్లో లేరని నీకు ఎప్పుడు తెలుసు? ఫోన్లో గేమ్ చూపిస్తానని అంతకు ముందు ఎన్నిసార్లు దగ్గరికి పిలిచావు? ఐదారు ప్రశ్నలయ్యేసరికి "తెల్వదు" అన్నమాట విరిగిపోతుంది. అది మందు చేసిన పని కాదని, వారాల ముందు నుంచి ఒక్కో మెట్టు దిగుతూ వచ్చాడని అతనికే కనబడుతుంది. అప్పుడు ఒక్కో మెట్టు పక్కన ఇంకో దారి రాయిస్తారు. చివరికి ఒక పేజీ ప్లాను తయారవుతుంది: నాకు ప్రమాదం మొదలయ్యే గుర్తులు ఇవి, వెళ్లకూడని చోట్లు ఇవి, ఆ ఆలోచన వస్తే పది నిమిషాల్లో నేను ఫోన్ చేయాల్సిన ఇద్దరు మనుషులు వీళ్లు.

ఇది పనిచేస్తుందా? 29 పరిశీలనలు, పదివేలమందికి పైగా మనుషుల్ని కలిపి 2015లో లెక్క తీశారు. చికిత్స లేనివాళ్లలో నూటికి 13.7 మంది మళ్లీ చేస్తే, చికిత్స పొందినవాళ్లలో 10.1 మంది. తేడా చిన్నదే. కానీ ఆ ముగ్గురు నలుగురు ఒక్కొక్కరు ఎంతమంది పిల్లల జోలికి పోయేవాళ్లో ఆలోచిస్తే నాకు అది చిన్నదిగా అనిపించదు.

చెడు వార్త కూడా చెప్పాలి. ఇంగ్లండ్ జైళ్లలో పాతికేళ్లు నడిచిన పెద్ద కార్యక్రమాన్ని ఆ దేశ న్యాయ శాఖే పరీక్షించి 2017లో ఫలితం ప్రచురించింది. చికిత్స పొందినవాళ్లలో నూటికి 10 మంది మళ్లీ నేరం చేస్తే, పొందనివాళ్లలో 8 మందే చేశారు. మేలు సంగతి అటుంచి, కీడే కనిపించింది. దాన్ని ఆపేశారు. తమ నేరాల్ని గుంపులో పదే పదే వర్ణించుకోవడం వల్ల అది మామూలు విషయంలా అనిపించడం, నడిపేవాళ్లకు తగిన శిక్షణ లేకపోవడం కారణాలై ఉండొచ్చని నిపుణులు చెప్పారు. ఇంకో వింత ఏమిటంటే, "నేను చేయలేదు" అని మొండికేయడానికీ, మళ్లీ నేరం చేయడానికీ పెద్ద సంబంధం కనిపించలేదు. కన్నీళ్లు పెట్టి పశ్చాత్తాపపడటానికీ అంతే. కాళ్ల మీద పడి ఏడ్చాడని నమ్మేయకండి, ఒప్పుకోలేదని ఆశ వదలకండి.

నా అభిప్రాయం అడిగితే, ఈ పని విడుదలకు ఏడాది రెండేళ్ల ముందు మొదలుపెట్టి, బయటికొచ్చాక కూడా కనీసం ఒక ఏడాది నడవాలి. శిక్ష మొదట్లో చేసి పదిహేనేళ్లు వదిలేస్తే ఏమీ మిగలదు. మన దేశంలో లైంగిక నేరస్థుల కోసం ప్రత్యేకంగా అన్ని జైళ్లలో నడిచే చికిత్సా కార్యక్రమం లేదు. శిక్షలు 20 ఏళ్లకు పెంచుకున్నాం, ఆ 20 ఏళ్లలో ఏం చేయాలో పెట్టుకోలేదు.

ప్రశ్న: ఇంజక్షన్ ఇచ్చి మగతనం లేకుండ చేస్తే అయిపోదా?
– మెడికల్ షాపు యజమాని, నారాయణపేట

జవాబు (సైకాలజిస్టు): మీరంటున్నవి మగ హార్మోన్‌ను తగ్గించే మందులు. కోరికను అదుపు చేసుకోలేని కొద్దిమందికి, వాళ్లే ఒప్పుకుని, చికిత్సతో పాటు తీసుకుంటే ఉపయోగం ఉంది. కానీ ఆపేస్తే హార్మోన్ మళ్లీ పెరుగుతుంది. ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, ఒళ్లు వస్తుంది. మీకు తెలుసు, ఇవి డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇచ్చేవి కావు. కోపంతో, పెత్తనం చూపడానికి చేసేవాడికి మందుతో కోపం పోదు, చేతులూ పోవు. బలవంతంగా ఇవ్వడాన్ని వర్మ కమిటీ కాదంది.

ప్రశ్న: నా కొడుకు వచ్చే నెల జైలు నుంచి వస్తున్నడు. ఏడేండ్లయింది. వాడు చేసింది తప్పే, నేను కాదనను. కానీ కన్నతల్లిని, తలుపు మూసుకోలేను. ఇంట్ల పెద్దోడి పిల్లలు ఇద్దరున్నరు. ఏం చేయాలె?
– ఒక తల్లి, అచ్చంపేట ప్రాంతం

జవాబు (సైకాలజిస్టు): అమ్మా, తప్పును తప్పు అన్నారు చూడండి, అక్కడే సగం పని అయ్యింది. అతనికి అతిపెద్ద ప్రమాదం "మా వాణ్ణి ఇరికించారు" అని వెనకేసుకొచ్చే ఇల్లు.

మొదటి సంగతి: పెద్దోడి పిల్లలున్న ఇంట్లో అతను పడుకోకూడదు. నమ్మకం లేక కాదు, అతనికీ పిల్లలకీ ఇద్దరికీ రక్ష. పిల్లలు లేని బంధువుల ఇల్లో, ఊర్లోనే ఒక గదో ముందే చూసుకోండి. ఆ వీలే లేకపోతే మీరు అతనితో విడిగా ఉండండి, మనవలు పెద్దోడి దగ్గర ఉండాలి. పిల్లలతో అతను ఒంటరిగా ఉండే సందర్భం ఒక్క నిమిషం కూడా రాకూడదు. స్నానం చేయించడం, బడికి బండి మీద దింపడం, దుకాణానికి తీసుకుపోవడం, చీకట్లో కల్లంకు తోడు తీసుకుపోవడం ఏదీ వద్దు. "ఐదు నిమిషాలే కదా" అన్నప్పుడే జరుగుతాయి.

విడుదలకు ముందే ములాఖత్‌లో ఈ మాటలు అతనితో అనండి. ఇంటికొచ్చాక అంటే అవమానంగా, ముందే అంటే ఏర్పాటుగా ఉంటుంది. జైలు సూపరింటెండెంటుకు అర్జీ పెట్టి, వైద్యుడి కాగితాలు, ఏమైనా కౌన్సెలింగ్ జరిగితే ఆ వివరాలు తీసుకోండి.

మొదటి వారంలో పని ఉండాలి. ఉపాధి హామీ కావచ్చు, తాపీ పని కావచ్చు. పగలంతా మగవాళ్ల మధ్య ఉండే పని మేలు. బడి, హాస్టల్, ట్యూషన్, ఆటో మీద పిల్లల్ని తిప్పే పని వద్దు. పిల్లలతో పనిచేసే సంస్థలు సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాల్లో ఉంది, అది తెలిసీ ఎవరైనా పెట్టుకుంటే తప్పు వాళ్లది కూడా. కల్లు, మందు ఏడాది పాటు పూర్తిగా బంద్. ఫోను బటన్లది ఇవ్వండి.

నలుగురు మనుషుల్ని పోగేయండి. అతని నేరం తెలిసినవాళ్లు, అతనికి భయపడనివాళ్లు, వెనకేసుకురానివాళ్లు. కెనడాలో 1994లో ఒక పట్టణంలో ఇలాగే మొదలైంది: ఒక విడుదలైన మనిషి చుట్టూ నలుగురైదుగురు మామూలు జనం, వారానికి ఒకసారి కలిసి "ఈ వారం ఎట్లా గడిచింది, ఎక్కడ తిరిగావు" అని ముఖం మీదే అడిగేవారు. ఆ పద్ధతి తర్వాత ఇంగ్లండుకు, ఇంకా చాలా చోట్లకు పోయింది. మీ ఊర్లో అది మేనమామ, పని ఇచ్చిన మేస్త్రీ, ఒక మాస్టారు, ఒక పెద్దమ్మ కావచ్చు. 

ఇవి కనబడితే ఆగకండి: రాత్రుళ్లు నిద్రపోకపోవడం, చెప్పకుండా మాయమవడం, పిల్లలకు వస్తువులు కొనడం, మళ్లీ తాగడం, "నా బతుకు ఎట్లైనా పోయింది" అనడం. వీటిలో రెండు కలిసి కనిపిస్తే అదే రోజు జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి. ఏదైనా జరిగిందని అనుమానం వస్తే 112కు మీరే ఫోన్ చేయండి. తల్లిగా అది ఎంత కష్టమో తెలిసే రాస్తున్నాను.

ప్రశ్న: మా బిడ్డ కేసుల వాడికి 20 ఏండ్లు పడింది. హైకోర్టుకు అప్పీలు పోయిండు. బెయిల్ వస్తదని వాళ్లోళ్లు ఊర్లె చెప్పుకుంటున్నరు. పెద్దమనుషులు పైసలు తీసుకొని మాట మార్చమంటున్నరు. ముందుగాల విడిచిపెడుతరా? మాకు చెప్తరా?
– ఒక తండ్రి, హాలియా ప్రాంతం

జవాబు (న్యాయవాది): అన్నా, ముందు ఆ పెద్దమనుషుల సంగతి. పోక్సో కేసు రాజీ పడే కేసు కాదు. పైసలు తీసుకున్నా కేసు పోదు. రాజీ కుదిరిందని పోక్సో కేసు కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు 2024 నవంబరు 7న మళ్లీ చెప్పింది. సాక్ష్యం మార్చమని బెదిరించడం న్యాయ సంహిత 232 సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. ఎవరు, ఏ రోజు, ఎవరి ఇంటి ముందు, ఏమన్నారో తేదీతో రాసి ఎస్పీ ఆఫీసులో ఇవ్వండి, రసీదు తీసుకోండి. సాక్షుల రక్షణ పథకం 2018 కింద కూడా అర్జీ పెట్టొచ్చు.

అప్పీల్లో శిక్ష నిలిపి బెయిల్ అడిగితే, మీ మాట కోర్టు వినాలి. బాధితులకు ప్రతి దశలో వినిపించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. అందుకు ఒకరోజు కూడా వృథా చేయకుండా నల్లగొండ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి హైకోర్టులో ఉచిత లాయరును అడగండి. ఫోన్ 15100. వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్ కాపీ, తీర్పు కాపీ, పాప వయసు కాగితం పట్టుకుపోండి. పరిహారం పూర్తిగా అందలేదంటే అదే చోట అడగండి.

ముందస్తు విడుదల గురించి: రిమాండులో ఉన్న రోజులు శిక్షలో తగ్గుతాయి, అది చట్టం. ఆగస్టు 15, జనవరి 26లకు ఇచ్చే క్షమాభిక్షలో ఇలాంటి ఖైదీల్ని మామూలుగా పక్కన పెడతారు, 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా అత్యాచార ఖైదీలకు లేదు. అయినా గుజరాత్‌లో 2002 సామూహిక అత్యాచార కేసులో 11 మందిని 2022 ఆగస్టు 15న వదిలారు. బాధితురాలు కోర్టుకెక్కితే సుప్రీంకోర్టు 2024 జనవరి 8న ఆ విడుదల చెల్లదని, రెండు వారాల్లో తిరిగి జైలుకు రమ్మని చెప్పింది. కాబట్టి మీరు నిద్రపోకూడదు.

అరెస్టు, బెయిల్, విడుదల వివరాలు బాధిత కుటుంబానికి తెలపాలని 2020 పోక్సో నియమాల్లో ఉంది. కానీ ఎవరో వచ్చి చెబుతారని కూర్చోవద్దు. మీ కేసు నంబరు, ఖైదీ పేరు రాసి, "పెరోలు, బెయిల్, విడుదల ఏది జరిగినా ముందుగా తెలపగలరు" అని జైలు సూపరింటెండెంటుకు ఒక కాగితం, మీ స్టేషన్ ఎస్‌హెచ్‌ఓకు ఒకటి, బాధిత మహిళలకు, పిల్లలకు సాయం చేసే భరోసా కేంద్రానికి ఒకటి రిజిస్టరు పోస్టులో పంపండి. ఏడాదికోసారి మళ్లీ పంపండి, అధికారులు మారుతుంటారు.

ప్రశ్న: నేను ఎవరికీ ఏ హానీ చేయలేదు. కానీ చిన్నపిల్లల మీద తప్పుడు ఆలోచనలు వస్తున్నయి. నాకే భయమైతున్నది. ఎవరికి చెప్పాలె?
– పేరు రాయలేదు

జవాబు (సైకాలజిస్టు): హాని జరగకముందే రాశారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తర్వాత ఒక సైకియాట్రిస్టును నేరుగా కలవండి, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. ఒక విషయం ముందే చెప్పాలి: ఒక పిల్లకు హాని జరిగిందని, లేదా జరగబోతుందని డాక్టరుకు తెలిస్తే పోలీసులకు చెప్పడం చట్టం ప్రకారం తప్పనిసరి. ఆలోచనలకు సహాయం అడగడం నేరం కాదు. అపాయింట్‌మెంట్ దొరికేదాకా పిల్లలున్న ఇంట్లో ఉండకండి, పిల్లల బొమ్మలు, వీడియోల కోసం ఫోన్ వెతకకండి. అలాంటి వీడియో దగ్గర పెట్టుకోవడమూ నేరమే. జర్మనీలో 2005 నుంచి ఇలాంటివారికి ప్రత్యేక చికిత్స నడుస్తోంది, అక్కడికి మీలాగే భయపడుతూ వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు.

ప్రశ్న: మా అక్క కొడుకుకు 15 ఏండ్లు. చుట్టాల పాపతోని తప్పుగ ప్రవర్తించిండు. కేసయితే వాడి బతుకు పోతదని ఇంట్లోళ్లు దాచిపెట్టి హైదరాబాద్ హాస్టల్ల వేస్తమంటున్నరు.
– గృహిణి, మిర్యాలగూడ

జవాబు (ఇద్దరూ): హాస్టల్లో వేస్తే ఇంకో నలభై మంది పిల్లల మధ్య పెట్టినట్టే. అది చేయకండి. తెలిసీ చెప్పకపోవడం పోక్సో 21వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ, మహిళల హెల్ప్‌లైన్ 181కు గానీ ఈరోజే చెప్పండి. మొదట పాపను డాక్టరుకు చూపించాలి, పాపను మళ్లీ ఆ అబ్బాయి ఉన్న ఇంటికి తీసుకుపోకూడదు.

అబ్బాయి బతుకు పోతుందన్న భయం సరైంది కాదు. 16 లోపు వాళ్లను పెద్దవాళ్ల కోర్టులో విచారించరు. జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది, గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహం, చాలా కేసుల్లో కౌన్సెలింగ్, పర్యవేక్షణ. ఆ రికార్డు తర్వాత ఉద్యోగానికి అడ్డుపడకూడదని చట్టమే చెబుతోంది. మారే అవకాశం అందరికన్నా ఎక్కువ ఉన్నది ఈ వయసులోనే. ఇలా పట్టుబడిన పిల్లల్లో మళ్లీ లైంగిక నేరం చేసేవాళ్లు నూటికి ఐదుగురి లోపే అని విదేశీ పరిశీలనలు చెబుతున్నాయి. అందుకు తల్లిదండ్రులు కౌన్సెలింగ్‌కు కలిసి వెళ్లాలి, ఫోన్ రాత్రి తొమ్మిది తర్వాత పెద్దవాళ్ల దగ్గర ఉండాలి, చిన్నపిల్లల బాధ్యత అతనికి అప్పగించకూడదు, బడి మాత్రం మాన్పించకూడదు. కొట్టి గదిలో పెడితే నేర్చుకునేది ఈసారి దొరక్కుండా ఎట్లా చేయాలన్నదే. బోర్డు ముందుకు పోయేటప్పుడు బడి సర్టిఫికెట్ లేదా జనన ధ్రువపత్రం తప్పక పట్టుకుపోండి. వయసు తేలకపోతే నెలల తరబడి కేసు అక్కడే ఆగుతుంది.